పేరు, వయసు అడిగే చిన్న ప్రోగ్రామ్: ఇన్‌పుట్ వాలిడేషన్‌తో నా అనుభవం

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్తగా నేర్చుకునే వాళ్లకి ఏదో ఒక వారంలో ఈ ఎక్సర్‌సైజ్ తగులుతుంది. నాకు మొన్న జూన్‌లో తగిలింది, అందులోంచి బయటపడి ఎక్కువ రోజులు కాలేదు కాబట్టి అన్నీ గుర్తుండగానే రాసి పెడుతున్నాను. పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ప్రోగ్రామ్ మనిషి పేరు అడగాలి, వయసు అడగాలి, నూరేళ్లు ఏ సంవత్సరంలో నిండుతాయో చెప్పాలి, ఇంకొకరికి కూడా చూడాలా అని అడిగి, అవునంటే మళ్లీ మొదటికి వెళ్లాలి. కింద ఒక్క వాక్యం ఉంది: "యూజర్ తప్పుగా టైప్ చేస్తే ప్రోగ్రామ్ ఆగిపోకూడదు, మళ్లీ అడగాలి." సోమవారం సాయంత్రం ఇచ్చారు, ఆదివారం అర్ధరాత్రి గడువు. అసలు పని అరగంటలో అయిపోయింది. ఆ కింద ఉన్న వాక్యం మాత్రం, అంటే టైప్ చేసినది సరైనదో కాదో చూసుకునే ఇన్‌పుట్ వాలిడేషన్, మిగతా వారమంతా పట్టింది. డబ్బు ఖర్చు ఏమీ లేదు, పైథాన్ ఉచితం, నేను చేరిన కోర్సూ ఉచితమే. ఖర్చయినవి సాయంత్రాలు, కొంచెం నిద్ర.

సోమవారం రాత్రి నుంచి మొదలుపెడతాను. పైథాన్‌లో ఇన్‌పుట్ అనే ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే రెడీమేడ్ కోడ్ ముక్క) ఏది టైప్ చేసినా అక్షరాలుగానే ఇస్తుంది, 25 కొట్టినా అది మనకి అంకె కాదు, రెండు గుర్తులున్న టెక్స్ట్. ఇది పైథాన్ 3 సంగతి. పైథాన్ 2లో ఇదే పేరున్న ఫంక్షన్ మనం టైప్ చేసినదాన్ని కోడ్‌గా తీసుకుని అమలు చేసేసేది, అందుకే అప్పట్లో రా ఇన్‌పుట్ అనే ఇంకో ఫంక్షన్ వాడమనేవాళ్లు. పైథాన్ 2 కి 2020 జనవరి 1 తో సపోర్ట్ ఆగిపోయింది గానీ, పాత వీడియోలు చూసి నేర్చుకునే వాళ్లకి ఈ తేడా ఇప్పటికీ గందరగోళమే. సరే, టెక్స్ట్‌ని ఇంట్ ఫంక్షన్‌కి ఇస్తే అంకె అవుతుంది, అంకె కానిది ఇస్తే వాల్యూ ఎర్రర్ వస్తుంది. "ఇరవై ఐదు" అని కొట్టి చూశాను. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాల్లో నాలుగైదు లైన్లు పడి ప్రోగ్రామ్ చచ్చిపోయింది. ఇలా అవుతుందని ముందే తెలుసు, అయినా నేను రాసిన మొదటి ప్రోగ్రామ్ అలా కళ్లెదురుగా కూలిపోవడం చూస్తే ఎందుకో మనసు చివుక్కుమంది.

మంగళవారం మా పాఠంలో ఉన్న పద్ధతి పెట్టాను. ఇంట్‌కి ఇచ్చేముందు ఈజ్‌డిజిట్ అని అడగాలి, అన్నీ అంకెలే అంటేనే మార్చాలి. ఖాళీగా ఎంటర్ కొడితే కాదంటుంది, "అబ్బ" అని కొడితే కాదంటుంది, బాగానే ఉంది. తర్వాత ఒక్కొక్కటే వింత బయటపడింది. మైనస్ 5 కొడితే కాదంటుంది, ఎందుకంటే మైనస్ గుర్తు అంకె కాదు. వయసు విషయంలో అది మనకి పనికొచ్చేదే, కానీ నేను పెట్టిన మెసేజ్ "అంకెలు మాత్రమే టైప్ చేయండి". మైనస్ 5 టైప్ చేసిన మనిషి తను అంకే కొట్టాననుకుంటాడు కదా, ఆ మెసేజ్ చూసి ఏం అర్థం చేసుకుంటాడు? ఇంకొకటి, నిజంగా ఆశ్చర్యపరిచింది: లెక్కల్లో వర్గం రాసేటప్పుడు పైన చిన్నగా వేసే 2 ఉంటుంది చూడండి, ఫోన్ కీబోర్డ్‌లో 2 మీద వేలు పెట్టి నొక్కి ఉంచితే చాలా వాటిలో వస్తుంది, అది ఇస్తే ఈజ్‌డిజిట్ అవునంటుంది, ఇంట్ మాత్రం వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. అంటే గేటు దగ్గర చెక్ చేసి పంపిన మనిషి లోపలికి వెళ్లాక పడిపోయాడన్నమాట. ఈజ్‌డెసిమల్ అని దీనికి తోబుట్టువు ఉంది, అది ఆ చిన్న 2 ని ఒప్పుకోదు. ఈజ్‌న్యూమరిక్ అని మూడోది ఉంది, అది ఒకటిలో సగం గుర్తుని కూడా ఒప్పుకుంటుంది. పేర్లు చూసి ఏది ఏంటో ఎవరూ చెప్పలేరు. మీకు ఈ మూడింటిలో ఒకటి కచ్చితంగా కావాలంటే ఈజ్‌డెసిమల్ తీసుకోండి, మిగతా రెండిటి జోలికి వెళ్లకండి.

బుధవారం పద్ధతి మార్చాను. ముందే అడగడం మానేసి, నేరుగా ఇంట్‌కి ఇచ్చేసి, ఎర్రర్ వస్తే పట్టుకోవడం: ట్రై, ఎక్సెప్ట్ వాల్యూ ఎర్రర్. పైథాన్ వాళ్లు ఎక్కువగా ఇష్టపడేది ఇదే, వాళ్ల డాక్యుమెంటేషన్‌లో దీనికో పేరు కూడా ఉంది, ముందు పర్మిషన్ అడగడం కన్నా తర్వాత క్షమాపణ అడగడం తేలిక అనే అర్థంలో. దీన్నంతా మళ్లీ మళ్లీ తిరిగే ఒక వైల్ లూప్‌లో పెట్టి, సరైన జవాబు వస్తే బయటికి రావడం, లేకపోతే మెసేజ్ చూపించి మళ్లీ అడగడం. నాకు ఇది వెంటనే నచ్చింది, ఎందుకంటే ఏది అంకె అనేది తేల్చే పని ఇంట్‌దే, దాని కన్నా బాగా నేను తేల్చలేను.

అయితే ఇంట్ దేన్ని ఒప్పుకుంటుందో తెలుసుకోవాలని ఆ సాయంత్రమంతా కూర్చుని రకరకాలుగా కొట్టాను. ముందూ వెనకా స్పేస్‌లు ఉన్నా పర్వాలేదంటుంది. ముందు ప్లస్ గుర్తు ఉన్నా సరే. 007 ని 7 గా తీసుకుంటుంది (అందుకే ఫోన్ నంబర్ల లాంటివి అంకెలుగా మార్చకూడదు, ముందున్న సున్నాలు పోతాయి, వాటిని టెక్స్ట్‌గానే ఉంచాలి). 1,000 అని కామా పెడితే ఒప్పుకోదు, అదే కామా బదులు అండర్‌స్కోర్ పెడితే ఒప్పుకుంటుంది, ఇది 2016 లో వచ్చిన పైథాన్ 3.6 నుంచి ఉంది. 25.0 ఒప్పుకోదు. మరీ పొడుగ్గా, 4,300 అంకెలకి మించి ఇచ్చినా వాల్యూ ఎర్రరే, అంత పెద్ద అంకెలు పంపి సర్వర్‌ని ఊపిరాడకుండా చేసే దాడులు ఆపడానికి 2022 లో ఆ హద్దు పెట్టారు.

అన్నిటికన్నా చివర్లో, ఒప్పుకోదులే అనుకుంటూనే, తెలుగు అంకెల్లో ౨౫ అని కొట్టాను. ఒప్పుకుంది! 25 అని తీసుకుని, నూరేళ్లు ఎప్పుడు నిండుతాయో చెప్పేసింది. నేను ఒక్క లైన్ కూడా అదనంగా రాయలేదు. అన్ని భాషల లిపులకీ నంబర్లిచ్చే యూనికోడ్ పట్టికలో దశాంశ అంకెలుగా నమోదైన ఏ లిపి అంకెలైనా ఇంట్ చదువుతుంది, 2౫ అని కలిపి రాసినా చదువుతుంది. రాత్రి పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, లేకపోతే ఎవరినో ఒకరిని పిలిచి చూపించేవాణ్ణి. అంత సంతోషమేసింది.

గురువారం హద్దుల పని. అంకె అయితే చాలదు, వయసు అయి ఉండాలి. కింద హద్దు సున్నా. సున్నా ఒప్పుకోవాలి, ఏడాది నిండని పిల్లల వయసు సున్నాయే. ఇక్కడ ఒక జాగ్రత్త: వయసు వచ్చిందా లేదా అని "ఇఫ్ ఏజ్" అని ఊరికే చెక్ చేస్తే పైథాన్ సున్నాని లేనట్టు లెక్కేస్తుంది, అప్పుడు పసిపిల్లలకి ప్రోగ్రామ్ మళ్లీ మళ్లీ వయసు అడుగుతూనే ఉంటుంది. పై హద్దు దగ్గర ఆగి ఆలోచించాను. పాఠంలో 120 అని ఉంది. కానీ రికార్డుల ప్రకారం అందరికన్నా ఎక్కువ కాలం బతికిన మనిషి, ఫ్రాన్స్‌లో 1875 లో పుట్టి 1997 లో చనిపోయిన జీన్ కాల్మెంట్, 122 ఏళ్లు బతికారు. పాఠంలోని హద్దు పెడితే ఆవిడ వయసు చెల్లదు. నేను 130 పెట్టాను. నూరు దాటిన వాళ్లకి "నిండుతాయి" బదులు "నిండాయి" అని రావాలని కూడా అప్పుడే తట్టింది, హద్దు గురించి ఆలోచించకపోతే ఆ వాక్యం గుర్తొచ్చేది కాదు.

అదే రోజు మా మెంటర్ గారిని ఒక ప్రశ్న అడిగాను: పసిపిల్లలకి ఆర్నెల్లు అనడానికి 0.5 తీసుకోవచ్చా అని. జవాబుకి మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగాల్సి వచ్చింది. "తీసుకోవచ్చండీ, ఇంట్ బదులు ఫ్లోట్ వాడండి, కానీ వాడాక నాన్ అని టైప్ చేసి చూడండి" అన్నారు, అంతే, ఇంకేం చెప్పలేదు. ఫ్లోట్ అంటే టెక్స్ట్‌ని చుక్క ఉన్న అంకెగా మార్చేది. చూశాను. ఎన్ ఏ ఎన్ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొడితే ఫ్లోట్ దాన్ని చక్కగా ఒప్పుకుంటుంది, "అంకె కానిది" అనే ఒక ప్రత్యేకమైన విలువగా. ఆ విలువని దేనితో పోల్చినా, పెద్దదా అన్నా చిన్నదా అన్నా సమానమా అన్నా, జవాబు కాదు అనే వస్తుంది. కాబట్టి "సున్నా కన్నా తక్కువైనా 130 కన్నా ఎక్కువైనా వద్దు" అని రూలు రాస్తే నాన్ హాయిగా దాటిపోతుంది, రెండూ కాదు కదా. అదే రూలుని తిప్పి "సున్నాకీ 130 కీ మధ్య ఉంటేనే ఒప్పుకో" అని రాస్తే ఆగిపోతుంది. రెండూ ఒకటే అనిపించే రెండు వాక్యాలు, ఒకటి దొంగని వదులుతుంది, ఒకటి పట్టుకుంటుంది. అప్పటి నుంచి నేను వద్దన్నవి రాయడం మానేసి, కావాల్సినవే రాస్తున్నాను. ఫ్లోట్ మాత్రం చివరికి పెట్టలేదు, ఎక్సర్‌సైజ్‌కి పూర్తి సంవత్సరాలు చాలు.

శుక్రవారం రాత్రి నా పని పక్కన పెట్టి కోర్సులో పరిచయమైన ఒక స్నేహితుడితో కాల్‌లో కూర్చున్నాను. తను గురువారమే సబ్మిట్ చేశాడు, ప్రోగ్రామ్‌ని తనే నడిపి చూసి పాసో ఫెయిలో చెప్పే ఆటోమేటిక్ గ్రేడర్ క్యూలో కొన్ని గంటలు ఉండి "టైమ్ లిమిట్ దాటింది" అని వచ్చింది. అతని కంప్యూటర్‌లో అంతా బాగానే నడుస్తోంది, ఇంత చిన్న ప్రోగ్రామ్‌కి టైమ్ ఎందుకు చాలలేదో అర్థం కాక పాపం ఏడుపొక్కటే తక్కువ. చివరికి తేలింది ఇది: ఎక్సెప్ట్ పక్కన ఏ ఎర్రర్ పేరూ రాయలేదు. అలా వదిలేస్తే అది వాల్యూ ఎర్రర్‌తో పాటు అన్నిటినీ పట్టేసుకుంటుంది. గ్రేడర్ మనిషి కాదు కదా, ముందే రాసి పెట్టుకున్న జవాబులు వరసగా ఇస్తుంది, అవి అయిపోయాక ఇన్‌పుట్ ఫంక్షన్ ఈఓఎఫ్ ఎర్రర్ ఇస్తుంది, ఇంక చదవడానికి ఏమీ లేదు అని. ఆ ఎర్రర్‌ని కూడా అతని ఎక్సెప్ట్ మింగేసి "మళ్లీ టైప్ చేయండి" అంటుంది, మళ్లీ అదే ఎర్రర్, మళ్లీ అదే మాట, అంతులేకుండా. ఇంట్లో కూడా ఆ ప్రోగ్రామ్‌ని కంట్రోల్ సి కొట్టి ఆపలేకపోయాం, ఆ ఆపమనే సంకేతాన్నీ అదే మింగేస్తోంది, టెర్మినల్ కిటికీ మూసేయాల్సి వచ్చింది. వాల్యూ ఎర్రర్ అని ఒక్క పేరు చేర్చాక రెండో సబ్మిషన్‌లో టైమ్ లిమిట్ గోల పోయింది. మీరు గ్రేడర్‌కి పంపేముందు ఒక్కసారి, ప్రశ్న అడుగుతుండగా కంట్రోల్ సి, ఇంకోసారి కంట్రోల్ డి (విండోస్‌లో కంట్రోల్ జెడ్ కొట్టి ఎంటర్) కొట్టి చూడండి. రెండిటికీ ప్రోగ్రామ్ ఆగిపోవాలి.

ఆ కాల్‌లోనే అతను అవును, కాదు ప్రశ్న కూడా చూపించాడు. "జవాబు ఎస్ అయితే, లేదా వై" అని మనం మాట్లాడినట్టే రాశాడు. పైథాన్‌కి రెండో సగం ఎప్పుడూ నిజమే, ఖాళీ కాని టెక్స్ట్ ఏదైనా నిజమే దానికి, అందుకని "కాదు" అన్నా ప్రోగ్రామ్ మళ్లీ మొదలైపోతుంది. నాకు తెలిసి కొత్తవాళ్లందరి కోడ్‌లో కనీసం ఒకసారి కనిపించేది ఇదే. నా ప్రోగ్రామ్‌లో నేను ఈ ప్రశ్నకి వచ్చిన జవాబుని స్ట్రిప్ చేసి (ముందూ వెనకా స్పేస్‌లు తీసేసి), లోయర్ చేసి (ఇంగ్లిష్ చిన్న అక్షరాలుగా మార్చి), వచ్చినది రెండు జాబితాల్లో ఎందులో ఉందో చూశాను: అవును అనేవి, కాదు అనేవి. తెలుగు లిపిలో "అవును", "కాదు", "వద్దు" కూడా పెట్టాను. రెండిటిలోనూ లేకపోతే మళ్లీ అడగడమే. అర్థం కానిదాన్ని "కాదు" కింద వేసే ప్రోగ్రామ్‌లు చాలా ఉంటాయి, నాకది నచ్చదు, మనిషి ఏదో చెప్పాడు, మనకి అర్థం కాలేదు, అడిగి తెలుసుకుంటే పోయేదేముంది.

శనివారం మధ్యాహ్నానికి అంతా అయిపోయిందనుకున్నాను. అక్క వచ్చింది, లాప్‌టాప్ ఇచ్చి వాడి చూడమన్నాను. ఏమీ చెప్పలేదు, ఎలా వాడాలో చెబితే టెస్ట్ అవ్వదు. తను తెలుగు కీబోర్డ్ పెట్టుకుని తన పేరు టైప్ చేసింది. "పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి, మళ్లీ టైప్ చేయండి" అని వచ్చింది. మళ్లీ కొట్టింది, మళ్లీ అదే. "ఇదేంట్రా, నా పేరులో అక్షరాలు కాక ఇంకేమున్నాయి?" అంది.

పేరుకి పాఠంలో ఉన్న రూలు ఈజ్‌ఆల్ఫా. అన్నీ అక్షరాలైతే అవునంటుంది. ఇంగ్లిష్‌లో పేరు కొడితే బాగానే ఒప్పుకుంటుంది, గ్రేడర్ ఇచ్చిన ఉదాహరణలన్నీ ఇంగ్లిషే. సాయంత్రం దాకా దీని వెనక పడ్డాను. "కమల" అని కొడితే ఒప్పుకుంది. "సీత" అని కొడితే ఒప్పుకోలేదు. ఇవి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే అసలు సంగతి తెలిసింది. కమలలో క, మ, ల, మూడూ విడి అక్షరాలు. సీతలో స, దానికి గుడి దీర్ఘం, త. యూనికోడ్‌లో స కి అక్షరం అనే వర్గం, గుడి దీర్ఘానికి చిహ్నం అనే వేరే వర్గం, ఈజ్‌ఆల్ఫా అక్షరాల వర్గాన్ని మాత్రమే ఒప్పుకుంటుంది. గుణింతం ఉన్నా, ఒత్తు ఉన్నా, సున్నా ఉన్నా ఆ పేరు చెల్లదు. మన పేర్లలో ఇవేవీ లేనివి ఎన్ని? హిందీకీ అంతే, తమిళానికీ అంతే, కన్నడకీ బెంగాలీకీ అంతే. ఇదే పైథాన్‌లో సీత అని తెలుగులో ఒక వేరియబుల్‌కి (ప్రోగ్రామ్‌లో విలువ దాచుకునే చోటుకి) పేరు పెట్టుకోవచ్చు, నిక్షేపంగా పనిచేస్తుంది, ఆ రూలు రాసినవాళ్లు చిహ్నాలని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అదే పేరు మనిషి చెబితే మాత్రం ఈజ్‌ఆల్ఫా కాదంటుంది.

నాకు చాలా బాధేసింది, దాచుకోను. బుధవారం రాత్రి ౨౫ ని చదివిన భాషే శనివారం మా అక్క పేరుని అక్షరాలు కాదంది. ఈజ్‌ఆల్ఫా దాని పని అది చేస్తోంది, దాని డాక్యుమెంటేషన్‌లో ఏం చూస్తుందో స్పష్టంగా రాసి ఉంది. పేరుకి ఆ రూలు పెట్టమని చెప్పడం దగ్గరే ఉంది తేడా అంతా. ఇంగ్లిష్‌లో కూడా అది పేర్లకి సరిపోదు: రెండు ముక్కల పేరులో స్పేస్ వద్దంటుంది, ఇనీషియల్ తర్వాత చుక్క వద్దంటుంది, హైఫన్ వద్దంటుంది, అపాస్ట్రఫీ వద్దంటుంది.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (టెక్స్ట్ ఏ రూపంలో ఉండాలో చెప్పే నమూనా) వాడితే సరిపోతుందేమో అని చూశాను, పైథాన్‌తో వచ్చే ఆర్‌ఈ అనే రెడీమేడ్ కోడ్ మాడ్యూల్‌లో పదంలోని అక్షరం అనే గుర్తు కూడా చిహ్నాలని వదిలేస్తుంది, అక్కడా అదే కథ. రెజెక్స్ అని విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే మాడ్యూల్‌లో అక్షరాలు, చిహ్నాలు అని వర్గాల పేర్లతోనే అడగొచ్చు, కానీ గ్రేడర్‌లో బయటి మాడ్యూల్స్ ఉండవు. చివరికి యూనికోడ్ డేటా అనే మాడ్యూల్, ఇది పైథాన్‌తో పాటే వస్తుంది, ఒక్కో గుర్తుని ఇస్తే దాని వర్గం చెబుతుంది. వర్గం ఎల్ తో మొదలైతే అక్షరం, ఎమ్ తో మొదలైతే చిహ్నం. ఈ రెండూ, వీటితో పాటు స్పేస్, చుక్క, హైఫన్, అపాస్ట్రఫీ ఒప్పుకోమన్నాను. కనీసం ఒక్కటైనా అసలైన అక్షరం ఉండాలి, లేకపోతే నాలుగు చుక్కలు కొట్టినా పేరైపోతుంది.

అక్క మళ్లీ కొట్టింది, తీసుకుంది. ఊపిరి పీల్చుకున్నాను గానీ తను ఊరుకోలేదు, తెలిసిన వాళ్లందరి పేర్లూ వరసగా కొట్టుకుంటూ పోయింది. "రాజ్‌కుమార్" దగ్గర మళ్లీ ఆగింది. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారిపోకుండా తెలుగు కీబోర్డ్ మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. దాని వర్గం అక్షరమూ కాదు, చిహ్నమూ కాదు. అది లేకపోతే జ కింద క ఒత్తు పడిపోతుంది, అలా ఎవరూ రాయరు. ఆ ఒక్క గుర్తునీ రూల్లో చేర్చాను.

కనపడని గుర్తుల గురించి ఇంకో మాట. వెబ్ పేజీల నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే జీరో విడ్త్ స్పేస్ అనే ఇంకో కనపడనిది వెంట వస్తుంటుంది. స్ట్రిప్ దాన్ని తీయదు, దాని దృష్టిలో అది స్పేస్ కాదు. స్క్రీన్ మీద 25 అనే కనిపిస్తుంది, ఇంట్ మాత్రం ఒప్పుకోదు, చూసేవాళ్లకి పిచ్చెక్కుతుంది. అలాంటప్పుడు ఆ టెక్స్ట్‌ని రెప్ర్ అనే ఫంక్షన్‌తో ప్రింట్ చేసి చూడండి, దాక్కున్నవన్నీ కోడ్ నంబర్లతో బయటికొస్తాయి. అలాగని కనపడనివన్నీ గంపగుత్తగా తీసేయకండి, రాజ్‌కుమార్ పాడైపోతాడు.

పేరు పొడుగు కూడా చూడాలి. పాఠంలో "కనీసం 2, ఎక్కువలో ఎక్కువ 20" అని ఉంది. పొడుగు చెప్పే లెన్ ఫంక్షన్ లెక్కపెట్టేది యూనికోడ్ గుర్తుల్ని, మన కంటికి కనిపించే అక్షరాల్ని కాదు. "కృష్ణ" మనకి రెండక్షరాలు, లెన్‌కి 5. "స్త్రీ" ఒక్కటే అక్షరం, లెన్‌కి 6. ఇంటిపేరుతో సహా రాస్తే 20 ఇట్టే దాటిపోతుంది. నేను 100 పెట్టాను. మెమరీ ఏమీ తక్కువ పడదు, పూర్తి పేరు రాసుకున్న వాళ్లని వెనక్కి పంపడానికి నాకు వేరే కారణమేమీ కనపడలేదు.

ఆదివారం పొద్దున్న కూర్చుని మెసేజ్‌లన్నీ తిరగరాశాను, దీనికి అనుకున్నదాని కన్నా ఎక్కువసేపే పట్టింది. అక్క వాడుతున్నప్పుడు గమనించాను, "తప్పు ఇన్‌పుట్" అని వస్తే తను మళ్లీ అదే టైప్ చేస్తోంది, ఏం మార్చాలో తెలిస్తే కదా మార్చేది. ఇప్పుడు ఖాళీగా వదిలితే "వయసు టైప్ చేసి ఎంటర్ నొక్కండి", అంకె కాకపోతే "పూర్తి సంవత్సరాలు అంకెల్లో రాయండి, ఉదాహరణకి 25", హద్దు దాటితే "0 నుంచి 130 లోపు ఉండాలి" అని మూడు రకాలు. అంకె కాని సందర్భంలో వాళ్లు టైప్ చేసినదాన్ని కూడా తిరిగి చూపిస్తున్నాను, వేలు జారి సున్నా బదులు ఇంగ్లిష్ ఓ పడితే చూడగానే తెలిసిపోతుంది. మానేసి వెళ్లిపోవాలనుకునే వాళ్లకి ఇంగ్లిష్ అక్షరం క్యూ కొడితే బయటపడేలా ఒక దారి పెట్టాను, వయసు ప్రశ్న దగ్గరా చివరి ప్రశ్న దగ్గరా మాత్రమే. పేరు దగ్గర పెట్టలేదు, అది ఎవరి పేరైనా అయి ఉండొచ్చు.

జావా అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న స్నేహితురాలికి ఇదే ఎక్సర్‌సైజ్ వేరే రకంగా చుక్కలు చూపించింది. ముందు వయసు, తర్వాత పేరు అడిగితే పేరు ఖాళీగా వస్తోందట: జావాలో నెక్స్ట్ ఇంట్ అనేది అంకెని మాత్రమే తీసుకుని ఎంటర్‌ని అక్కడే వదిలేస్తుంది, ఆ తర్వాత లైన్ మొత్తం చదివే నెక్స్ట్ లైన్ ఆ మిగిలిపోయిన ఎంటర్‌నే పేరనుకుని చదివేస్తుంది. రెండిటినీ నెక్స్ట్ లైన్‌తోనే చదివి, వయసుని తర్వాత మార్చుకుంటే పోతుంది. జావాస్క్రిప్ట్‌లో చేసేవాళ్లయితే ఖాళీ టెక్స్ట్‌ని నంబర్ ఫంక్షన్‌కి ఇవ్వకండి, అది సున్నా అని చెబుతుంది, ఏమీ చెప్పని మనిషి పసిబిడ్డ అయిపోతాడు.

ఆదివారం సాయంత్రం సబ్మిట్ చేశాను. గ్రేడర్ రిజల్ట్ వచ్చేదాకా ఒకటే టెన్షన్, ఎందుకంటే పాఠంలో చెప్పిన రూలు పక్కన పెట్టి పేరుకి నా రూలు రాసుకున్నాను, కనపడని టెస్టుల్లో ఏముందో తెలీదు. గడువు రోజు క్యూ మామూలుగా కన్నా పొడుగ్గా ఉంటుంది, ఇది తెలుసుకుని పంపండి. సోమవారం పొద్దున లేచేసరికి వచ్చింది, అన్నీ పాస్. పేరులో అంకెలుంటే తిప్పి పంపాలనే టెస్ట్ ఒకటి ఉందట, నా రూలు అంకెల్ని ఎలాగూ ఒప్పుకోదు.

అదే రోజు మెంటర్ గారికి కమల, సీత రెండు పేర్లూ పెట్టి, ఈజ్‌ఆల్ఫా ఏమంటోందో స్క్రీన్‌షాట్ తీసి పంపాను, పాఠంలో ఆ రూలు మార్చమని అడిగాను. మూడు రోజులు జవాబు లేదు. గురువారం వచ్చింది: పాఠం తను రాసింది కాదని, రాసినవాళ్లకి పంపానని, వచ్చే బ్యాచ్ టెస్టుల్లో తెలుగు పేరొకటి, హిందీ పేరొకటి చేర్చమని తనూ అడుగుతున్నానని చెప్పారు. "మీ రూల్ ఫంక్షన్ ఇక్కడ పెట్టొచ్చా, మిగతా వాళ్లు చూస్తారు" అని కూడా అడిగారు. పెట్టమన్నాను. రాజ్‌కుమార్‌ని కూడా టెస్టుల్లో వేయమని ఇంకో లైన్ రాసి పంపాను, దానికి ఇంకా జవాబు రాలేదు.